చుట్టుదారి

కిందటి వారం భాగంలో అక్కను మనం బస్టాండులో నిలబెట్టి వచ్చాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. పదిహేడేళ్ళుగా సిటీ బస్సులో కండక్టరు. డిపోలో అందరికీ "రైటక్క". నదికి ఇవతల నగరంలో ఏ మలుపులో ఎంతమంది ఎక్కుతారో, ఏ స్టాపులో ఎవరు గొడవకు దిగుతారో కళ్ళు మూసుకుని చెప్పగలదు. అయితే ఆమె రూటు వంతెన దగ్గరే ఆగిపోతుంది. అవతలి శివారు వేరే డిపో కిందికి వస్తుంది. నాలుగేళ్ళ కిందట చెల్లెలు పెళ్ళి చేసుకుని కాపురం పెట్టింది ఆ శివారులోనే. అయినా అక్క ఒక్కసారీ ఆ గడప తొక్కలేదు. "నీకెందుకక్కా శ్రమ, నేనే వస్తాలే" అంటూ చెల్లెలే వచ్చి పోయేది. ఈ ఆదివారం అక్క చెప్పాపెట్టకుండా బస్సెక్కి, దిగాక ఫోన్ చేసింది. అవతల ఏదో కిందపడిన చప్పుడైంది. తర్వాత, "అక్కడే ఉండు, కదలకు, పది నిమిషాల్లో వచ్చేస్తా" అంది చెల్లెలు.

ఆ పది నిమిషాలూ నలభై అయ్యాయి.

వచ్చేటప్పుడు మాత్రం చెల్లెలు పరుగెత్తుకుంటూనే వచ్చింది. జుట్టు సరిగ్గా దువ్వుకోలేదు. కుడికాలికి ఒక జత చెప్పు, ఎడమకాలికి ఇంకో జత చెప్పు. మొహం నిండా నవ్వు పులుముకుని ఉంది.

"ఏంటక్కా, ఇంత హఠాత్తుగా!"

"చెల్లెలింటికి రావడానికి ముందే సీటు రిజర్వు చేయించుకోవాలా ఏంటి?"

"అబ్బే, అది కాదు..."

"సరేలే, పద ఇంటికి. నా చిట్టితల్లి లేచిందా?"

"లేచింది, వాళ్ళ నాన్న చూసుకుంటున్నాడు. ముందు నీకు ఊరు చూపిస్తా రా. రేపోమాపో ఇక్కడికే వద్దామనుకుంటున్నావు కదా. బతకబోయే ఊరు చూసుకోవద్దూ?"

అక్కకు ఆ మాట నచ్చింది. ఈ శివారు డిపోకి బదిలీ అడిగింది ఆమె. అమ్మను తీసుకొచ్చి, చెల్లెలి ఇంటి పక్కన రెండు గదులు చూసుకుని, ముగ్గురూ మళ్ళీ ఒకచోట ఉండాలని కోరిక. బదిలీ తీసుకుంటుందో లేదో సోమవారం పొద్దున్నకల్లా డిపోలో చెప్పాలని వారం కిందటే చెల్లెలితో అంది. "మంచిదే అక్కా" అని చెల్లెలు జవాబిచ్చింది. ఆ "మంచిదే"లో మంచి ఎంతుందో అప్పుడు అక్కకు తట్టలేదు.

ముగ్గురు పట్టే ఆటోలో ఏడుగురు ఎక్కారు. అక్క పక్కన ఒకాయన కుట్టుమిషను తలకాయ ఒళ్ళో పెట్టుకుని పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. "కాస్త చూసుకోండమ్మా, సూది తియ్యలేదు" అన్నాడు. అక్క నవ్వింది. ఇలాంటి ఇరుకు ఆమెకు పుట్టిల్లు.

శివారంటే నగరం పడుకునే చోటని అంటారు. ఇక్కడ ఎవరూ పడుకున్న జాడ లేదు. ఎక్కడ చూసినా క్రేన్లు, సగం లేచిన మేడలు, వాటికి వేలాడే ఆకుపచ్చ వలలు. కింద అంతస్తులో చెప్పులు కుట్టే కొట్టు, పైన బ్యూటీ పార్లరు, దానిపైన లెక్కల ట్యూషను, ఆ పైన బరువులు ఎత్తే కుర్రాళ్ళ మూలుగులు. తలుపు గొళ్ళాలు మాత్రమే అమ్మే కొట్టు ఒకటి. దాని ముందు కొత్తగా ఇల్లు కొనుక్కున్న జంటలు గంటలకొద్దీ నిలబడి వాదించుకుంటున్నారు. ఆదివారం కావడంతో జనం ఇళ్ళలోంచి పొంగి రోడ్డు మీద పడ్డారు. తోపుడుబండి సందులోంచి స్కూటరు, స్కూటరు సందులోంచి మనిషి, మనిషి సందులోంచి కుక్క. అందరూ ఎవరి దారిన వాళ్ళు ఎలాగో పోతూనే ఉన్నారు.

"ఇదిగో, ఈ బిల్డింగ్ ప్లాన్ నేనే గీశా" అంది చెల్లెలు వేలు చూపిస్తూ. ఆమె ఒక బిల్డరు ఆఫీసులో ఇళ్ళ ప్లాన్లు గీస్తుంది.

"నువ్వే? మొత్తం?"

"మొత్తం కాదులే. మెట్లూ, వంటగదులూ."

"మెట్లు లేకపోతే మేడెందుకే!" అంది అక్క. గొంతులో గర్వం దాచుకోలేకపోయింది.

మార్కెట్ వీధి చూశారు. నడిచే మెట్లున్న కొత్త షాపింగ్ భవనంలో మూడు అంతస్తులు ఎక్కి, ఏమీ కొనకుండా దిగారు. పార్కులో బెంచీ మీద కూర్చున్నారు. అక్కడ ముసలివాళ్ళు గుంపులు గుంపులుగా చేతులూపుతూ నడుస్తుంటే, ఆ నడకలో అమ్మను ఊహించుకుంది అక్క. ఇరవై రెండేళ్ళుగా గుమ్మం దాటడానికే ఇష్టపడని అమ్మ, ఇక్కడికొస్తే నలుగురితో కలుస్తుందేమో అనుకుంది. అనుకున్నదే పైకి అంది. చెల్లెలు వినలేదు. ఫోన్ చూసుకుంటోంది. పొద్దున్నుంచీ ఐదు నిమిషాలకోసారి చూసుకుంటూనే ఉంది.

"ఎవరే?"

"మీ మరిదే. పాప ఏడుస్తోందట."

"అయితే ఇంటికే పోదాం పద."

"లేదక్కా, ఊరుకుందట. స్టేషన్ అవతలి వైపు చూద్దాం, అటేమో అద్దె ఇళ్ళు బావుంటాయి."

మళ్ళీ ఆటో. ఈసారి అక్క దారి గుర్తు పెట్టుకుంటూ కూర్చుంది. ఊరు కొత్తదైనా ఊరి చుట్టూ తిరిగే విద్య ఆమెకు కొత్తది కాదు. నీలం చారల నీళ్ళ ట్యాంకు ఒకటి మొదటిసారి కుడివైపు కనిపించింది, రెండోసారి ఎదురుగా కనిపించింది, ఇప్పుడు ఎడమవైపు కనిపిస్తోంది. గానుగెద్దులా ఒకే చోట చుట్టూ తిరుగుతున్నారు. ప్రతిసారీ ఒక వీధి మొగదాకా వచ్చి, అక్కడ చెల్లెలు "ఇటు కాదు, అటు" అని ఆటోను మళ్ళిస్తోంది.

అక్క చెల్లెలి మొహంలోకి చూసింది. చెల్లెలు బయటికి చూస్తోంది. టికెట్ కొననివాడు ఎప్పుడూ కిటికీలోంచి బయటికే చూస్తాడు. పదిహేడేళ్ళలో అక్క నేర్చుకున్న మొదటి పాఠం అది.

"ఆపవయ్యా, దిగుతాం" అంది అక్క.

"అక్కా, ఇక్కడ కాదు..."

"దాహమేస్తోందే. గ్లాసుడు నీళ్ళైనా తాగనివ్వవా?"

స్టేషన్ కాలివంతెన కింద వరసగా కొట్లున్నాయి. ఒక లావుపాటి ఆవిడ పళ్ళరసం తీస్తోంది. అక్క రెండు గ్లాసులు చెప్పి, రేకు గోడకు చేరబడింది. చేరబడినదల్లా ఉన్నట్టుండి నిటారుగా నిలబడింది.

రేకు మీద కొట్టు నంబరు రాసి ఉంది. ఇరవై తొమ్మిది. కొత్త పెయింటు, ఎర్రటి ఎరుపు. రెండుకు మెడ బాతు మెడలా వంగి ఉంది. తొమ్మిదికి కాలు కిందికి దిగి, చివర పిల్లి తోకలా పైకి తిరిగింది.

లోకంలో తొమ్మిదికి తోక పెట్టే మనిషి ఒక్కడే. "తొమ్మిది ఒంటికాలి మీద నిలబడే అంకె తల్లీ, తోక లేకపోతే పడిపోతుంది" అని చెప్పి, ఐదేళ్ళ కూతురి చెయ్యి పట్టుకుని అంకెలు దిద్దించిన మనిషి. డిపోలో బస్సుల రూటు బోర్డులన్నీ రాసిన పెయింటరు. వాళ్ళ నాన్న. అక్క పదో తరగతి పరీక్షలు రాస్తుండగా, రెండో రోజు పొద్దున, బ్రష్షుల సంచీ భుజాన వేసుకుని పోయి, మళ్ళీ రాలేదు. ఆ తర్వాత ఐదేళ్ళకు అక్క అదే డిపోలో కండక్టరుగా చేరితే, ఎక్కిన ప్రతి బస్సు నుదుటి మీదా ఆయన రాతే. లైట్ల బోర్డులు వచ్చి, చివరి చెక్క బోర్డును తుక్కులో పడేసిన రోజునే ఆమెకు ఊపిరాడింది.

"ఈ నంబరు ఎవరు రాశారమ్మా?" అని అడిగింది.

"పెయింటరు తాతగారు. తుంటి విరిగాక నిచ్చెన ఎక్కట్లేదు గానీ, రేకు పట్టుకెళ్ళి ఇస్తే కూర్చుని రాసిస్తారు. చెయ్యి చూడండి, ఎంత ముద్దొస్తుందో!" అంటూ ఆవిడ గ్లాసులు అందించి, నవ్వుతూ గడ్డంతో చెల్లెలి వైపు చూపింది. "ఎవరో ఏంటమ్మా, ఈ అమ్మాయిగారి నాన్నే కదా. మీ పక్కనే పెట్టుకుని నన్నడుగుతారేం?"

చెల్లెలు గబగబా పర్సు తీసి చిల్లర వెతకసాగింది.

అక్క తన గ్లాసు బల్ల మీద పెట్టింది. ఒక్క గుక్క కూడా తాగలేదు. తిరిగి కాలివంతెన మెట్లెక్కడం మొదలుపెట్టింది. ఎక్కడికని ఎక్కుతోందో ఆమెకే తెలీదు. చెల్లెలు వెనకే పరుగెత్తింది.

వంతెన మధ్యలో అక్క ఆగింది. కింద రైలు ఒకటి ఆగి ఉంది. ఇటువాళ్ళు అటూ, అటువాళ్ళు ఇటూ తోసుకుంటూ పోతున్నారు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"అక్కా, ఎక్కడైనా కూర్చుని..."

"ఎన్నాళ్ళ నుంచని అడిగాను."

"కనిపించి మూడేళ్ళు. ఇంట్లో ఉండబట్టి ఏడాదిన్నర."

అక్క తలాడించింది. స్టాపు పేరు విన్నట్టు తలాడించింది.

చెల్లెలు గబగబా చెప్పుకుపోయింది. ఆఫీసువాళ్ళు కట్టిన మేడలో ఫ్లాట్ల తలుపులకు నంబర్లు రాయడానికి ఒక ముసలి పెయింటరు వచ్చాడు. మెట్ల కొలతలు చూడటానికి తను వెళ్ళింది. ఆయన బ్రష్షు పక్కన పెట్టి, తనకేసి చూస్తూ ఉండిపోయాడు. చివరికి అమ్మ పేరు చెప్పి, "ఆమె నీకేమవుతుంది?" అని అడిగాడు. అచ్చం అమ్మ మొహమే కదా తనది. మొదట్లో తను మాట్లాడలేదు. తర్వాత వారానికోసారి మాట్లాడింది. తర్వాత ఆయన నిచ్చెన మీంచి పడ్డాడు. ఆస్పత్రిలో, "మీవాళ్ళెవరు?" అని అడిగితే నోరు మెదపలేదట.

"ఎలా వదిలెయ్యనక్కా? మనిషన్నాక..."

"మనిషా? మనల్ని వదిలేసినప్పుడు ఏమయ్యాడే ఆ మనిషి?" అక్క గొంతు లేచింది. "నీకేం గుర్తు? ఆరేళ్ళదానివి. రెండో పరీక్షకి హాల్ టికెట్ చేత్తో పట్టుకుని బయల్దేరాను. అమ్మ నేల మీద పడి ఉంది, పలకట్లేదు. నువ్వు ఆకలని ఏడుస్తున్నావు. ఆ రోజు ఆగిపోయింది నా చదువు. నీకు జడలు వేసి బడికి పంపాను. నిన్ను కాలేజీలో చేర్చిన రోజు నీకంటే ఎక్కువ మురిసింది నేను. డిపోలో మెకానిక్ ఒకాయన నాకోసం మూడేళ్ళు ఎదురు చూశాడు. చెల్లెలి చదువైపోనీ అన్నాను. అతనికిప్పుడు ఇద్దరు పిల్లలు."

"నేనడిగానా?"

ఆ మాట నోరు దాటాక చెల్లెలే బిత్తరపోయింది. అక్క చెంపదెబ్బ తిన్న మొహం పెట్టి నిలబడింది.

బుట్ట నెత్తిన పెట్టుకున్న ఒకావిడ ఆగి, "దారికడ్డంగా కాదమ్మా, కాస్త పక్కకి జరిగి పోట్లాడుకోండి" అని సలహా ఇచ్చి పోయింది. ఇద్దరూ జరిగారు.

"అలా అనాలని కాదక్కా..." చెల్లెలి కళ్ళు నిండాయి. "నువ్వు చేసినవన్నీ తెలుసు. అన్నం తిన్నప్పుడల్లా గుర్తొస్తుంది. కానీ నువ్వు నాకు అబద్ధం చెప్పావు. 'నాన్నేడక్కా' అంటే 'నాన్న పోయాడు' అన్నావు. నేను చచ్చిపోయాడనే అనుకున్నా. బళ్ళో అందరికీ అదే చెప్పా. పద్నాలుగేళ్ళప్పుడు పక్కింటావిడ నోరు జారిందాకా, పోవడానికి రెండు అర్థాలుంటాయని నాకు తెలీదు."

"చచ్చాడని నేననలేదు."

"బతికున్నాడనీ అనలేదుగా!"

అక్క వంతెన కమ్మీ పట్టుకుని కిందికి చూసింది. నిజమే. ఆరేళ్ళ పిల్ల ఆ మాటను ఎలా అర్థం చేసుకుంటుందో తెలిసే అంది. చచ్చినవాడి కోసం పిల్ల ఓ నెల ఏడుస్తుంది, బతికున్నవాడి కోసమైతే జన్మంతా గుమ్మంలో కూర్చుంటుంది అనుకుంది. పదహారేళ్ళ బుర్రకు అంతకంటే మంచి ఉపాయం తోచలేదు. తర్వాత దిద్దుకోవడానికి ఎన్నో ఏళ్ళున్నాయి. దిద్దుకోలేదు.

"అందుకని ఇప్పుడు నువ్వు నాకు అబద్ధం చెప్పి లెక్క సరి చేశావా?"

"లేదు. చెబితే నన్ను వదిలేస్తావని భయం. ఆయన్ని ఎంచుకున్నానని అనుకుంటావని."

"ఎంచుకున్నావుగా. ఏడాదిన్నరగా ఆయన నీ ఇంట్లో. నాలుగేళ్ళుగా నేను వంతెన అవతల." అక్క నవ్వింది. వేపాకు నమిలినవాళ్ళ నవ్వు అది. "పొద్దున్నుంచి ఊరంతా తిప్పింది ఇందుకా? ఆయన్ని ఎక్కడికి సర్దుతున్నారు?"

చెల్లెలు తల దించుకుంది. "పై అంతస్తు వాళ్ళింటికి. కానీ ఆయన కదలనంటున్నాడట. మీ మరిది బతిమాలుతున్నాడు."

"బాగుంది. నా మొహం చూడకుండా దాక్కోనని ఇన్నాళ్ళకి రోషం వచ్చిందన్నమాట."

"అక్కా, నా మాట విను. రేపటిదాకా టైముంది కదా. బదిలీ వద్దని చెప్పు. కొన్నాళ్ళు ఆగు. నేనే ఏదో ఒకటి..."

"నిన్ననే సంతకం పెట్టేశానే పిచ్చిదానా. ఒకటో తారీకు నుంచి ఇదే నా డిపో. ఆ మాట చెప్పి నిన్ను ఆశ్చర్యపరుద్దామనే ఇవాళ చెప్పకుండా వచ్చాను." కింద రైలు కూత వేసి కదిలింది. అది పోయేదాకా ఆగి, అక్క చీర చెంగు నడుముకు దోపుకుంది. "పద. ఇంటికి పద. ఈసారి తిన్నగా."

తిన్నగా వెళితే ఇల్లు ఏడు నిమిషాల దూరం. అదీ ఎక్కడో కాదు, బస్టాండు వెనక. పొద్దున అక్క నలభై నిమిషాలు నిలబడిన చోటికి, చెల్లెలి ఇంటికి మధ్య ఒక్క ఇటుక గోడ. పొద్దున ఆమె దగ్గితే మూడో అంతస్తులో వినపడి ఉండేది. అక్క ఆ గోడకేసి ఒకసారి చూసి మెట్లెక్కింది.

మూడో అంతస్తు మెట్ల మీద మరిది ఎదురొచ్చాడు. చంకలో పాప. ఒళ్ళంతా చెమట. తప్పు చేసిన కుర్రాడిలా నిలబడి, "వదినా, రండి" అన్నాడు. "ఆయన... ఎంత చెప్పినా..."

"పెద్దమ్మా!" అని పాప చేతులు చాచింది. అక్క పాప బుగ్గ పుణికి, "మీ నాన్నతో పార్కుకి వెళ్ళిరా బంగారం, పెద్దమ్మ ఇక్కడే ఉంటుంది" అంది. మరిది బతుకు జీవుడా అన్నట్టు దిగిపోయాడు.

తలుపు తెరిచే ఉంది.

ఆయన కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చెడిపోయిన కాలు స్టూలు మీద చాపి ఉంది. అక్క గుర్తుపెట్టుకున్న మనిషి ఇంకా పెద్దగా ఉండేవాడు. ఇరవై రెండేళ్ళు మనసులో మోసేసరికి పెరిగాడేమో. ఈయన చిన్నగా, ఎండిన కొమ్మలా ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని గొంతుదాకా గుండీలు పెట్టుకున్నాడు. ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వచ్చినవాడిలా.

"కూర్చో తల్లీ" అన్నాడు.

"పర్లేదండీ. నిలబడటం నాకలవాటే. పదిహేడేళ్ళుగా నిలబడే బతుకుతున్నాను."

ఆ "అండీ" ఆయనకు తగలవలసిన చోటే తగిలింది. చిన్నప్పుడు "నాన్నా నువ్వు" తప్ప వేరే పిలుపు లేదు ఆమె నోట.

"ఎలా ఉన్నావు?"

"ఏ సంవత్సరంలో? ఇరవై రెండున్నాయి. ఏదో ఒకటి చెప్పండి, జవాబు చెబుతాను."

ఆయన తల వంచుకుని చేతులు చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో ఎర్ర పెయింటు ఉంది. "నిన్ను చూశాను తల్లీ" అన్నాడు చివరికి. "రెండుసార్లు నీ బస్సెక్కాను. నువ్వే టికెట్ ఇచ్చావు. తలెత్తి చూడలేదు."

రోజుకు ఎన్ని వందల చేతులు! వాటిలో రెండుసార్లు ఈ చెయ్యి. ఎప్పుడో, ఏ వానలోనో, ఏ రద్దీలోనో. ఆమెకు గుర్తు లేదు. గుర్తు లేకపోవడమే ఎక్కువ బాధ పెట్టింది.

"మొహాలు చూస్తూ కూర్చుంటే బస్సు కదలదండీ" అంది కటువుగా. "ఎందుకు పోయారని నేనడగను. అడిగే వయసు దాటిపోయింది. ఒక్కటే అడుగుతాను. నేను చెమటోడ్చి పెంచిన పిల్ల పంచన చేరడానికి మీకు మొహమెలా చెల్లింది? నాది కూడా ఒక ఇల్లుంది. నది దాటితే చాలు. ఆ గుమ్మంలోకి రావడానికి ధైర్యం చాలలేదా?"

"రాకూడదని మాటిచ్చాను."

"ఎవరికి?"

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. అక్కను చూసి, గుమ్మంలో నిలబడ్డ చెల్లెలిని చూసి, మళ్ళీ అక్కను చూశాడు.

"మీ అమ్మ చెప్పలేదా? మొన్న గురువారం వచ్చినప్పుడు, నువ్వు బదిలీ పెట్టుకున్నావనీ, నువ్విక్కడికి వచ్చేలోపు అంతా తనే చెప్పేస్తాననీ అంది. చెప్పే ఉంటుందనుకున్నాను. అందుకే అల్లుడు రమ్మన్నా పైకి పోలేదు."

బస్టాండులోంచి ఏదో ఊరి పేరు పదే పదే అరుస్తున్న గొంతు వినిపిస్తోంది.

"అమ్మా?" అంది చెల్లెలు. "అమ్మ ఇక్కడికొచ్చిందా? ఈ ఇంటికా?"

"ఏడాదిగా వస్తోంది. గురువారాలు. నువ్వు ఆఫీసుకెళ్ళాక. పాపను బళ్ళో దింపి అల్లుడు పనికి పోయాక. నీకు తెలుసనే..." ఆయన కుర్చీలో ముందుకు వంగాడు. "నీకూ తెలీదా?"

అక్క చెల్లెలి మొహం చూసింది. ఈసారి చెల్లెలు బయటికి చూడటం లేదు. ఆ మొహంలో అబద్ధం లేదు, పిచ్చిచూపు తప్ప. పొద్దున్నుంచీ ఒకరినొకరు చీల్చుకున్న అక్కాచెల్లెళ్ళు ఒకే దెబ్బకు ఒకే పక్కన నిలబడ్డారు.

గురువారాలు అక్కకు డ్యూటీ ఉంటుంది. గుమ్మం దాటని అమ్మ. వీధి చివరిదాకా తోడు లేకుండా నడవలేనని చెప్పే అమ్మ. రెండు బస్సులు మారి, వంతెన దాటి, మూడంతస్తులు ఎక్కి, సాయంత్రం అక్క తిరిగొచ్చేసరికి ఏమీ ఎరగనట్టు మంచం మీద పడుకుని ఉండే అమ్మ.

అక్క ఫోన్ తీసింది. స్పీకరు నొక్కి, ఆయన మందుల డబ్బా పక్కన బల్ల మీద పెట్టింది. నాలుగోసారి మోగాక అమ్మ ఎత్తింది.

"చిన్నదాని ఇంట్లో ఉన్నావు కదూ" అంది అమ్మ, ఇటునుంచి మాట పడకముందే.

"ఉన్నాను. ఆయన ఎదురుగా ఉన్నాడు. చెల్లెలు పక్కనే ఉంది. నీ గురువారాల సంగతి ఇప్పుడే తెలిసింది. చెప్పమ్మా. ఎవరికి ఎవరు ఏం మాటిచ్చారు?"

అవతల తలుపు గడియ వేసిన చప్పుడు వినిపించింది. తర్వాత అమ్మ గొంతు వచ్చింది. రోజూ విసుగ్గా, నీరసంగా వినిపించే గొంతు కాదు. అక్క ఆ గొంతును ఇంతవరకు వినలేదు.

"చెబుతాను. నీకు చెబుతాను. ముందు చిన్నదాన్ని బయటికి పంపు. అది వినకూడదు."

"వద్దు!" ఆయన కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాడు. స్టూలు పక్కకి పడిపోయింది. "వద్దే, చెప్పకు! ఫోన్ పెట్టెయ్! ఇన్నేళ్ళూ నేను మోసింది ఇందుకు కాదు..."

అక్క ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. ఇరవై రెండేళ్ళ తర్వాత ఆయన్ని ముట్టుకోవడం అదే మొదలు.

చెల్లెలు గుమ్మం దగ్గర తెల్లబోయిన మొహంతో నిలబడింది. అక్కా తనూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నారు. చెల్లెలు తలుపు బార్లా తెరిచి, మూడిళ్ళకు వినపడేలా ధభీమని వేసింది. వేసి, లోపలే, తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

"పంపేశానమ్మా" అంది అక్క. "ఇప్పుడు చెప్పు."

అమ్మ చెప్పడం మొదలుపెట్టింది.